మూడో మలుపులో ఒరిగిన మనిషి

పోయిన వారం బండిని గొలుసు మీద పైదాకా లాగి, సరిగ్గా జారబోయే చోట ఆపేసి ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి బ్రేకు వదిలేద్దాం.

అమీర్‌పేటలో ‘గుండెజారుబండ్ల సంఘం’ అని ఒకటుంది. రోలర్ కోస్టర్ల పిచ్చి ముదిరిన పదమూడు మంది దానికి సభ్యులు. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి టికెట్టు కొనుక్కుని అమీర్‌పేటలోనే దిగిపోయిన బాపతు అని గిట్టనివాళ్ళు అంటారు. ఏడాదికోసారి వీళ్ళు ఓట్లు వేసుకుని రెండు జాబితాలు తీస్తారు. జనం అనవసరంగా నెత్తికెత్తుకున్న బండ్లు ఒకటి, జనం అన్యాయంగా తొక్కిపట్టిన బండ్లు ఇంకొకటి. ఓవర్‌రేటెడ్, అండర్‌రేటెడ్ అన్నమాట. ఫోన్లలో ఆ జాబితాలు చూసేవాళ్ళు లక్షల్లో ఉన్నారు గనుక పార్కులవాళ్ళు కూడా వాటి మీద ఓ కన్నేసి ఉంచుతారు.

మేడ్చల్ అవతల కేరింతల పార్కులో ‘కట్లపాము’ అని ఇరవై రెండేళ్ళ పాత బండి ఉంది. ఈసారి అండర్‌రేటెడ్ జాబితాలో అది మొదట నిలిస్తే ఉంచుతారట, లేకపోతే నెలాఖరుకు పీకేస్తారట. సంఘాధ్యక్షుడు హనుమత్ప్రసాద్ ఈ కబురు మోసుకొచ్చిన క్షణం నుంచి కార్యదర్శి అంబదాస్‌కు అన్నం లోపలికి పోవడం లేదు. పోయినేడు కట్లపాము ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

అంబదాస్ పంజాగుట్టలో టైలరు. తాతలు సిరిసిల్లలో చీరలు నేశారు, ఈయన ఇక్కడ ప్యాంట్లు కుడుతున్నాడు. మొదటిసారి పెట్టిన దుకాణం మూతబడిన ఏడాది, ఎనిమిది నెలలు నవ్వు మొహం ఎరగని ఈ మనిషిని ఎవరో బలవంతంగా కట్లపాము ఎక్కించారు. మూడో మలుపులో పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే మళ్ళీ మిషన్ తొక్కాడు. అంచేత ఆ బండిని పీకడమంటే ఆయనకు పార్కులో ఇనుము పీకడం కాదు, ప్రాణం పీకడం.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆదివారం పొద్దున పది గంటలు. అమీర్‌పేట టిఫిన్ సెంటర్ మేడ మీద హాల్లో పదమూడు ప్లాస్టిక్ కుర్చీలు, పదమూడు ఇడ్లీ ప్లేట్లు, పదమూడు నోళ్ళు. నోళ్ళన్నీ ఒకేసారి పనిచేస్తున్నాయి.

“రాకెట్ రాణిని ఓవర్‌రేటెడ్ అంటే నేను ఊకోను భాయ్,” అని బల్ల గుద్దాడు రాకేశ్. కోచింగ్ సెంటర్లో జావా చెప్పే కుర్రాడు. “మస్తు స్పీడ్ ఉంటది. కండ్లల్ల నీళ్ళొస్తయ్.”

“కండ్లల్ల నీళ్ళు లైన్లనే వస్తయ్ తమ్మీ,” అన్నాడు అంబదాస్. “గంటన్నర నిలవడాలె, నిమిషమున్నర ఎక్కాలె. క్యూ ఎక్కువ, కిక్కు తక్కువ.”

హాలంతా గొల్లుమంది. సంఘం నియమావళి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పెద్దాయన జోగారావు చట్నీ అంటిన వేలు పైకెత్తాడు. “ఏవండీ, అసలు దిగడంలో ఏముందండీ? ఉన్నదంతా ఎక్కడంలో ఉంది. గొలుసు టకటకమంటూ పైకి లాగుతుంటే వెన్నులో చలి పుడుతుంది చూశారూ, అదండీ బండంటే! మీ రాకెట్ రాణికి గొలుసే లేదు. వెనకనుంచి ఒక్క తోపు తోస్తుంది. తోసే బండిని నేను తోసిపుచ్చుతాను.”

“జోగారావు సార్, మీరు ఎక్కేటప్పుడు కండ్లు మూసుకుంటరు, దిగేటప్పుడు నోరు మూసుకుంటరు. మీ ఓటు సగమే,” అన్నాడు రాకేశ్.

“సగం ఓటైనా గట్టిదేనయ్యా, మీ కాలం పిల్లల ఓటులా జారుడు ఉప్మా కాదు.”

కిటికీ అవతల మెట్రో రైలు స్టేషన్లోకి మెలిక తిరుగుతూ వచ్చింది. సంఘం సభ్యులు అలవాటుగా మాటలాపి దాని వంక చూశారు. “ఇది సుత అండర్‌రేటెడే,” అంది మంజూష. “ఒంటికాలి మీద నిలవడి సూడుండ్రి, ఆ మలుపుల తెలుస్తది.” మంజూష సంఘంలో చేరి మూడు నెలలైంది. సిద్దిపేట పిల్ల. లేడీస్ హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేస్తోంది. హాస్టల్ వార్డెనమ్మకు ఆదివారాలు క్లాసు ఉందని చెప్పి వస్తుంది. అదీ నిజమే, ఇదీ క్లాసే.

అంబదాస్ మనసులో లెక్క వేసుకున్నాడు. జోగారావు, మంజూష, తను, ఇంకో నలుగురు. అధ్యక్షుణ్ణి కలపకుండానే కట్లపాముకు ఏడు ఓట్లు. అవతల మద్రాసు బండికి రాకేశ్‌తో కలిపి ఐదు. ఏడు పెద్దదా ఐదు పెద్దదా అని వేళ్ళ మీద మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. ఏడే పెద్దది.

ఓట్లకు ముందు ఈ సంఘంలో ఒక ఆచారం ఉంది. ‘సాక్ష్యం’ అంటారు. ఎక్కనిదానికి ఓటు లేదు అన్నది మొదటి నియమం కనుక, కొత్త సభ్యులు ఎక్కామని రుజువు చేసుకోవాలి. చేతులు లేని కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ముందు లేని కమ్మీ గట్టిగా పట్టుకుని, బండి మొదలైనప్పటి నుంచి ఆగేదాకా ఒంటితో చెప్పాలి. నోరు ఊరికే సాయం.

ఈ రోజు సాక్ష్యం మంజూషది. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. గొలుసు ఎక్కింది. మొదటి జారుడులో కుర్చీలోంచి ఇంత ఎత్తు లేచింది. ఒకటో మలుపు, రెండో మలుపు. “గిప్పుడు మూడోది. ఎడమకు తిరుగుతది, కింద చెరువు కనవడ్తది...” అంటూనే కుడివైపుకు ఎవరో లాగి కొట్టినట్టు ఒరిగి, పక్కనున్న జోగారావు ఇడ్లీ ప్లేటులో మోచేయి పెట్టింది. సాంబారు లేచి ఆయన చొక్కా మీద వాలింది.

చప్పట్లే చప్పట్లు. “అమ్మాయీ, నీ సాక్ష్యానికి నా చొక్కాయే సాక్ష్యం,” అన్నాడు జోగారావు.

మంజూష నవ్వుతూ లేచి అధ్యక్షుడి వైపు తిరిగింది. “సార్, మీరు సుత ఒక్కసారి చెప్పుండ్రి సార్. మీ సాక్ష్యం నేనెన్నడు సూడలే.”

చూడనిది ఆ పిల్ల ఒక్కతే కాదు. సంఘం పెట్టిన పన్నెండేళ్ళలో ఎవరూ చూడలేదు. సాక్ష్యం అడిగేది అధ్యక్షుడు. అధ్యక్షుణ్ణి అడిగేదెవరు?

హనుమత్ప్రసాద్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఊరు భీమవరం వైపు. నిండైన గొంతు, దానికి తగ్గ పొట్ట, ఆ పొట్ట మీద సంఘం వెయిస్ట్‌కోటు. ఎక్కిన ప్రతి బండికీ ఆ కోటు మీద ఒక రంగు గుండీ కుట్టడం ఆనవాయితీ. అందరికీ కుట్టేది అంబదాసే. ఎవరికీ పదిహేను దాటలేదు. అధ్యక్షుడికి నలభై ఒకటి. మద్రాసు, బెంగుళూరు, సింగపూరు, దుబాయి. ఒక్కడే వెళ్ళేవాడు, వచ్చి వర్ణించేవాడు, అంబదాస్ నోరు తెరుచుకుని విని సూదిలో దారం ఎక్కించేవాడు.

“అడిగావు గనక చెబుతానమ్మా,” అని ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఏం చెప్పాడండీ! గొలుసు చప్పుడు నోటితో చేశాడు. గాలి ఊదాడు. మొదటి జారుడులో ‘అమ్మో’ అన్న అమ్మోకు గోడ మీది బల్లి దిగిపోయింది. “మూడో మలుపు! ఎడమకి తిరిగింది! అదిగో చెరువు!” అంటూ ఎడమవైపుకు, పూర్తిగా ఎడమవైపుకు, బైకు పందేల కుర్రాడిలా ఒరిగాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అంబదాస్ చేతులు మాత్రం చప్పట్లకు లేచి, ఒకదానికొకటి తగలకుండానే ఆగిపోయాయి.

“ప్రసాదన్నా, జర కిందికొస్తవా?” అన్నాడు.

మెట్లు సగం దిగాక ఆగారు. గోడ నిండా హాస్టల్ కాగితాలు, ఏసీ, నాన్ ఏసీ, ఇంటి భోజనం. కింద షేర్ ఆటోవాడు “పంజాగుట్ట, పంజాగుట్ట, ఖైరతాబాద్” అని అరుస్తున్నాడు.

“ఏంటయ్యా అంబదాసూ, అంత కంగారు? ఇవాళ మనదే గెలుపు కదా.”

“అన్నా, కట్లపాము ఎప్పుడెక్కినవ్?”

“అదేం ప్రశ్న? బోలెడుసార్లు ఎక్కాను. గుండీ నువ్వే కుట్టావు.”

“కుట్టుమన్నవ్, కుట్టిన. మూడో మలుపుల బండి ఎటు తిరుగుతది?”

“ఎడమకి. ఇప్పుడే కదా చెప్పాను.”

“బండి ఎడమకు తిరుగుతది. మనిషి ఎటు పోతడు?”

హనుమత్ప్రసాద్ వెయిస్ట్‌కోటు సర్దుకున్నాడు.

“ఆ బండి పట్టాలకు వంపు లేదన్న. సదునుగ తిరుగుతది. ఎడమకు తిరిగితే మనిషిని కుడిదిక్కు ఇసిరి కొడ్తది. ఎక్కినోనికి ఎడమకు ఒరుగుమని లక్ష రూపాయలిచ్చినా ఒళ్ళు ఒరగది. నువ్వు స్కూటర్ నడిపినట్టు లోపటికి ఒరిగినవ్. గట్ల ఒరిగేది ఎవరో తెలుసా? ఫోన్ల వీడియో సూసినోడు.”

ఆటోవాడు ఖైరతాబాద్ అన్నాడు. ఎవరూ ఎక్కలేదు.

“ఎవరైనా గమనించారా?” అని అడిగాడు హనుమత్ప్రసాద్.

కొన్ని ప్రశ్నలే జవాబులు. అంబదాస్ మెట్టు మీద కూలబడ్డాడు. “అంటే కట్లపాము ఎక్కలేదు.”

“లేదు.”

“మరి మద్రాసుది?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“సింగపూర్?”

“సింగపూర్ వెళ్ళాను. మా తోడల్లుడింట్లో పడుకుని వచ్చాను.”

“నలభై ఒకటి అన్నా! నలభై ఒక్క గుండీలు! ఏది ఎక్కినవ్ మరి? ఒక్కటి చెప్పు.”

“ఏదీ ఎక్కలేదయ్యా. ఎగ్జిబిషన్లో చిన్నపిల్లల రైలు కూడా ఎక్కలేదు. నాకు భయం.”

అంబదాస్‌కు నవ్వొచ్చి ఉండాల్సింది. పదమూడు మంది గుండెజారుబండ్లవాళ్ళ అధ్యక్షుడి గుండె జారడానికి ముందే జారుకుంది మరి. కానీ నవ్వు రాలేదు. ఒక్కో గుండీ కుట్టేటప్పుడు తను అడిగిన ప్రశ్నలు, ఈయన చెప్పిన జవాబులు, ‘దుబాయిలో అంబదాసూ, పైన ఇసక వాసన వస్తుందయ్యా’ అన్న మాట, ఆ మాట విని తను రాత్రంతా ఇసక వాసన ఎలా ఉంటుందో ఊహించుకున్న సంగతి, అన్నీ ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. తన దారంతో, తన సూదితో, తన చేతులతో ఈ మనిషి అబద్ధాన్ని పోగు జారకుండా కుట్టించుకున్నాడు.

“కట్లపాము దగ్గర మనం కలిసిన మొదటిరోజు గుర్తుందా?” అన్నాడు హనుమత్ప్రసాద్ మెల్లగా. “నువ్వు ముందు వరసలో కూర్చున్నావు. నేను వెనక. కమ్మీ దించే కుర్రాడు వచ్చేలోపు నేను దిగి అవతలి గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు దిగి వచ్చావు. ముక్కూ మొహం తెలియని మనిషివి. ‘ఎట్లుందన్నా’ అన్నావు. ‘అద్భుతం’ అన్నాను. నన్ను కావలించుకుని ఏడ్చావు అంబదాసూ. అంత ఏడ్చినవాణ్ణి పట్టుకుని, లేదయ్యా నేను ఎక్కలేదు అని ఎలా చెప్పను?”

“ఆ రోజు సరే. తెల్లారి చెప్పొద్దా? పన్నెండేండ్ల తెల్లారలేదా?”

అంబదాస్‌కు ఇంకో సంగతి తట్టింది. తట్టగానే లేచి నిలబడ్డాడు.

“పోయినేడు కట్లపాముకు ఒక్క ఓటు తక్కువైంది. అది...”

“నాదే.”

“అందరి ముంగట కట్లపాముకే నా ఓటు అన్నవ్!”

“అన్నాను. చీటీ మీద వేరేది రాశాను. అర్థం చేసుకో. అండర్‌రేటెడ్‌లో మొదట నిలిచినదాన్ని అధ్యక్షుడు ఎక్కి రావాలన్నది మన ఆనవాయితీ కదా. మద్రాసుదో బెంగుళూరుదో గెలిస్తే ఒక్కణ్ణే పోయి వచ్చానని చెప్పొచ్చు. కట్లపాము గెలిస్తే? మీరంతా చెరువు గట్టు మీద నిలబడి చూస్తుంటే? అందుకే నాలుగేళ్ళ నుంచి...”

“నాలుగేండ్ల నుంచా!”

ఏటేటా ఓట్ల చీటీలు విప్పాక తన భుజం మీద చెయ్యేసి, ‘పోన్లే అంబదాసూ, వచ్చే ఏడాది చూద్దాం’ అన్నది ఈ చెయ్యే. భుజం ఇప్పుడు మండింది.

పైనుంచి రాకేశ్ కేక వేశాడు. “ప్రెసిడెంట్ సాబ్! చీటీలు రెడీ!”

అంబదాస్ మొహం తుడుచుకున్నాడు. కోపానికి కోతపెట్టి ఒక కొలత తీసుకున్నాడు. ఈయన ఓటు లేకపోయినా కట్లపాముకు ఏడు ఓట్లున్నాయి. బండి బతుకుతుంది. ఇక ఈ మనిషిని నలుగురిలో నిలబెట్టి బట్టలూడదీయడం దేనికి? బట్టలు కుట్టే చేతికి అది రాదు.

“అన్నా, నేను నోరిప్ప. మా అమ్మ కాంతవ్వ మీద ఒట్టు. కానీ ఓట్లకు ముంగటనే నువ్వే లేచి చెప్పు. ఎక్కలేదు, భయం, గంతే. ఎవరూ నిన్ను తినరు.”

“చెబుతాను,” అన్నాడు హనుమత్ప్రసాద్. కళ్ళు తుడుచుకున్నాడు. “నీలాంటివాడు నాకు...” అని మాట పూర్తి చేయకుండా గబగబా మెట్లెక్కాడు.

హాల్లో చీటీలు పంచుతున్నారు. అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు. అంబదాస్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. పాపం, చెమటలు పట్టాయి మనిషికి. ఎంత మోసం చేసినా ఆ క్షణాన ఆయన మీద జాలే కలిగింది.

“మిత్రులారా! ఓట్లకు ముందు ఒక బాధాకరమైన విషయం. ఎక్కనిదానికి ఓటు లేదన్నది మన సంఘానికి పునాది. కానీ మనలో ఒకరు... ఎక్కకుండానే ఎక్కానని చెప్పారు.”

హాలు చల్లబడింది. ఇడ్లీలు కూడా.

“చెప్పడానికి నోరు రావడం లేదు. వయసులో చిన్నది. మంజూష దగ్గర కట్లపాము టికెట్టు ముక్క లేదు. ఎక్కినట్టు చూసినవాళ్ళూ లేరు. సాక్ష్యం బాగానే చెప్పింది. కానీ మిత్రులారా, ఫోన్లో వీడియోలు చూసి ఒళ్ళు ఊపడం ఎవరికైనా వస్తుంది! ఆమె ఓటు చెల్లదని ప్రతిపాదిస్తున్నాను.”

అంబదాస్ చెవుల్లో గొలుసు తెగినట్టయింది. ఏడులో ఒకటి పోతే ఆరు. అవతలి ఐదుకు ఈయన చీటీ కలిస్తే అదీ ఆరు. ఆరూ ఆరూ సమానమైతే తేల్చేది అధ్యక్షుడు. మెట్ల మీద తను ‘వీడియో సూసినోడు’ అన్న మాటనే ఎత్తుకొచ్చి, ఇంకా వేడి తగ్గకముందే ఈ పిల్ల నెత్తిన పోశాడు.

మంజూష లేచి నిలబడింది. “నేను ఎక్కిన సార్! టికెట్ బ్యాగుల ఉండె, బ్యాగు బస్సుల పోయింది. ఒక్కదాన్నే పోయిన, ఇంట్ల తెల్వదు సార్. నేను అబద్ధం ఆడలే.” అందరి చూపులూ ఆ పిల్ల మీదే. రాకేశ్ కూడా తల దించుకున్నాడు.

అంబదాస్ నోరు తెరిచాడు. అమ్మ మీద ఒట్టు అడ్డం వచ్చింది. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఈసారి మాట పెద్దాయన వైపు వెళ్ళింది. “జోగారావు సార్, ఒకల మీద ఇంకొకలకు అనుమానమొస్తే ఏం చేయాలని రాసుంది మీ పుస్తకంల?”

జోగారావు కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పాడు. “ఏడో నియమం. ‘అనుమానింపబడిన సభ్యుని ఆ బండి మీదనే ఎక్కించి తేల్చవలెను. అనుమానించిన సభ్యుడు పక్క సీటులో కూర్చొనవలెను.’ కింద సంతకం హనుమత్ప్రసాద్ గారిది. తమరు రాసిందేనండీ.”

ఎవరిమీదైనా అనుమానం వచ్చేదాకా ఎవరికీ పనికిరాని నియమం అది. రాసినాయన రాశానన్న సంగతే మరిచాడు.

“ఇంకేంది మరి, పోదాం!” రాకేశ్ ఎగిరి గంతేశాడు. “ఇయ్యాల ఆదివారం, పార్క్ ఖుల్లా ఉంటది. నేను మూడు కార్లు బుక్ చేస్త. ఓట్లు ఆడనే ఏద్దాం!”

కుర్చీలు కిర్రుమన్నాయి. ఇడ్లీలు వదిలేసి జనం మెట్లవైపు కదిలారు. మంజూష కళ్ళు తుడుచుకుని అధ్యక్షుడి ముందుకు వచ్చింది. “రండి సార్, నా పక్కకే కూసోండి. మూడో మలుపుల నన్ను గట్టిగ పట్టుకోండి,” అంది. ఆ మాటలో వెటకారం లేదు. అదే ఆయన్ను కోసేసింది.

హాలు ఖాళీ అయింది. ఇద్దరే మిగిలారు.

“మాటిచ్చావు అంబదాసూ,” అన్నాడు హనుమత్ప్రసాద్.

“మాట తప్పలే. సీటు తప్పిద్దామంటేనే నా చేతుల లేదు. నడువు.”

“నన్ను ఆ పార్కుకి తీసుకెళ్ళకు. నా కోసం కాదు, నీ కోసం చెబుతున్నాను.”

“నాకేమైతది?”

హనుమత్ప్రసాద్ గోడ పట్టుకున్నాడు. “కట్లపామును పీకాలన్న ఆలోచన పార్కువాళ్ళకి దానంతటది రాలేదు. రెండు నెలల క్రితం మన సంఘం నుంచి వాళ్ళకి ఉత్తరం వెళ్ళింది. పాతబడింది, ప్రమాదకరం, వెంటనే తీసేయండి అని. అది చూసే వాళ్ళు నిర్ణయం తీసుకున్నారు. మేనేజరు ఆ ఉత్తరం గేటు పక్క ఆఫీసు గోడకి అతికించుకున్నాడు. మీరంతా లోపలికి అడుగుపెట్టగానే కనిపిస్తుంది.”

“నువ్వు రాసినవా?”

“రాసింది నేనే. కానీ సంఘం ఉత్తరాల మీద సంతకం కార్యదర్శిది కదా. నువ్వు నా మీద నమ్మకంతో ఏడాదికి పది ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఇస్తావు...”

కింద కారు హారన్ మోగింది. “అంకుల్! దిగుండ్రి, మీ కోసమే ఆగినం!” అని మంజూష పిలుస్తోంది.

“అంబదాసూ, ఆ ఉత్తరం కింద ఉన్నది నీ సంతకం.”